తార్నాకలో తయారైన టైగా

మా పాత డిపార్ట్‌మెంట్‌కి ఇప్పుడు హెడ్‌గా ఉన్న స్వప్న ఒకప్పుడు నల్గొండ కాలేజీలో నా విద్యార్థిని. కిందటి నెల ఫోన్ చేసింది. జాగ్రఫీ పాత ల్యాబు ఖాళీ చేస్తుంటే బీరువాల వెనక ఒక పెట్టె దొరికిందట. "నడుమెత్తు ఉన్నది సార్. ముందర అద్దం, లోపల మట్టి. మీద చీటీ కూడా ఉన్నది. రాత చూస్తే మీదే అనిపించింది" అంది. రాత నాదేనని గొణిగాను. దాన్ని వినయం అనుకున్నట్టుంది, ఉత్సాహంగా మిగతాది చెప్పింది. ఈ మధ్యే పోయిన మా సుందరరామయ్య సార్ పేరు మీద క్యాంపస్‌లో ఒక చిన్న మ్యూజియం గది పెడుతున్నారు. గది మధ్యలో ఆ పెట్టె ఉంటుంది. "పెద్దసారుకు రష్యా శాస్త్రవేత్త ఇచ్చిన ఒరిజినల్ మట్టి కదా సార్, సైబీరియా అడవిది. దాని గురించి నాలుగు లైన్లు మీరే రాసియ్యాలె. మీకంటే బాగ ఎవరికి తెలుసు?" నిజమే. ఆ మట్టి గురించి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు. తెలిసిన రెండో మనిషి, మా అటెండర్ ఎల్లయ్య, లాలాపేట్‌లో నాలుగేళ్ల కిందటే కన్నుమూశాడు. ఇక మిగిలిన ఏకైక నిపుణుణ్ణి నేనే.

సుందరరామయ్య గారు గుంటూరు వైపు నుంచి వచ్చి తార్నాకలో ఇల్లు కట్టుకున్న మనిషి. భూగోళానికి ఉత్తరాన, మంచు మైదానాలకి కాస్త కిందుగా, ఖండాల మీద దుప్పటిలా పరుచుకున్న టైగా అడవి గురించి ఉద్యోగమంతా పాఠం చెప్పారు. మంచును మాత్రం ఇంట్లో ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడా చూడలేదు. ఆ పాఠాన్ని ఏటా మార్చి చివరికి జరిపి పెట్టుకునేవారు. బయట ఎండ పేలిపోతుంటే, పైన ఫ్యాను వేడిగాలిని ఒక మూల నుంచి ఇంకో మూలకి సర్దుతుంటే, ఆయన ఆరేడు నెలల చలికాలం గురించి చెప్పేవారు. అక్కడ వేసవి ఉంటుంది కానీ చుట్టపుచూపుగా వస్తుంది. ఆ కాస్త రోజుల్లోనే చెట్టు పెరగాలి, కాయాలి, మళ్లీ చలికి సిద్ధం కావాలి. వాన మనకంటే తక్కువే, కానీ నీరు ఆవిరయ్యేంత ఎండ లేదు, అందుకని నేల ఎప్పుడూ తడే. ఏటా కొత్త ఆకులు తొడిగే స్తోమత ఆ చెట్లకి లేదు, అందుకే సూదుల్లాంటి ఆకుల్ని ఏళ్ల తరబడి దాచుకుంటాయి. స్ప్రూస్ చెట్టు కొమ్మలు ఎందుకు కిందికి వాలి ఉంటాయో చెప్పడానికి తన నల్లగొడుగును సగం ముడిచి పట్టుకుని, దాని మీద చాక్‌పీసు పొడి చల్లి, మంచు జారిపోవడం చూపించేవారు. లార్చ్ అనే చెట్టు ఒక్కటే అందరికీ విరుద్ధంగా చలికాలం ముందు సూదులన్నీ రాల్చేసుకుంటుందని చెప్పేటప్పుడు ఆయన గొంతులో చిన్న గర్వం ఉండేది. బంధువుల్లో ఎవరో ఎదురు తిరిగిన సంగతి చెబుతున్నట్టు.

చివర్న పెట్టె దగ్గరికి వచ్చేవారు. క్యాంపస్‌కి అతిథిగా వచ్చిన ఒక సోవియట్ శాస్త్రవేత్త, తమ అడవిలో నేలని నిలువునా కోసి, పొరలు చెదరకుండా పెట్టెలో దించి, సార్‌కి కానుకగా ఇచ్చి వెళ్లాడు. పైన నాచు, రాలిన సూదులు. వాటి కింద నల్లటి పొర. దాని కింద బూడిద రంగు పొర. ఇంకా కింద తుప్పు రంగు. "సూదులు రాలతాయి. చలికి కుళ్లవు. చాప పరిచినట్టు పేరుకుంటాయి. వాటి మీంచి దిగే నీరు పుల్లగా మారి, మట్టిలో ఇనుమునంతా కడుక్కుని కిందికి తీసుకుపోతుంది. కడిగేసిన చోట ఈ పాలిపోయిన పొర మిగులుతుంది. ఇది బూడిద కాదు. నాగలికి తగిలినప్పుడు రష్యా రైతులు బూడిదే అనుకున్నారు. చూడ్డానికి బూడిద, గుణానికి పులుపు" అని, పెట్టె పక్కనున్న చిన్న రంధ్రంలోంచి చిటికెడు బూడిద రంగు మట్టి తీసి, పరీక్షనాళికలో నీళ్లతో కలిపి, నీలం లిట్మస్ కాగితం ముంచేవారు. అది ఎర్రబడేది. క్లాసంతా చప్పట్లు కొట్టేది. ఎండాకాలంలో అంతకంటే చల్లటి వినోదం మాకు లేదు.

రిసెర్చ్‌లో చేరిన ఏడాది నాకు హాస్టల్ దొరకలేదు. సార్ తమ ఇంటి ఆవరణలో గోడకానుకుని ఉన్న గది ఇచ్చారు. దానికి బదులుగా నేను చేయాల్సింది ఒకటే, రోజూ పొద్దున్నే బాయిలర్ వెలిగించడం. పెరట్లో రాగి బాయిలర్ ఉండేది. ఎండుపుల్లలు, కొబ్బరి మట్టలు, పాత పరీక్ష పేపర్లు వేసి అంటిస్తే, పొగ ముందు నా కళ్లలోకి, తర్వాత పక్కింటివాళ్ల వాకిట్లోకి వెళ్లేది. ఆ పొగ వాసన, వేడి రాగి వాసన, లోపల్నుంచి అమ్మ వేసే ఇంగువ తాలింపు వాసన కలిస్తే నాకు తార్నాక. సార్ భార్యని నేను మొదటి రోజు నుంచీ అమ్మా అనే పిలిచేవాణ్ణి. ఆమె నన్ను మొదటి రోజు నుంచీ ఏరా అనేది. చల్లారిన బూడిదని నేను ఎత్తి డబ్బాలో పోస్తే, ఆమె దాంతో గిన్నెలు తోమించేది. ఆ ఇంట్లో ఏదీ ఒక్కసారి వాడి పారేసేవాళ్లు కాదు, నాతో సహా.

ఆదివారం మధ్యాహ్నం ఫ్రిజ్ కరిగించేవాళ్లు. అది వంటింటి పనే అయినా సార్‌కి అది ఫీల్డ్ వర్క్. స్విచ్ తీసి, కింద గోనెసంచి పరిచి, స్టూలు వేసుకుని తలుపు ముందు కూర్చునేవారు. "నరసింహా, రా. పైపొర కరిగింది, నీరు నిలబడింది చూశావా? ఎందుకు ఇంకలేదు? కింద ఇంకా గడ్డ కట్టే ఉంది. టైగా ఉత్తరాన నేల ఇలాగే ఉంటుంది. చెట్టు వేళ్లు లోతుకి పోలేవు, పక్కలకి పాకుతాయి." అమ్మ పాల గిన్నె పట్టుకుని వెనక నిలబడి, "మీ అడవి అయ్యాక చెప్పండి, పెరుగు తోడేసుకోవాలి" అనేది. మార్చి వచ్చిందంటే ఇంకో పని ఉండేది. సార్ నన్ను చౌరస్తా దగ్గరి కిరాణా కొట్టుకి పంపి నిమ్మ ఉప్పు తెప్పించేవారు. షర్బత్ కోసమనుకునేవాణ్ణి. షర్బత్ మాత్రం ఎప్పుడూ నా గది దాకా రాలేదు. పెద్దవాళ్ల ఇళ్లలో ఇలాంటివి అడగకూడదని ఊరుకునేవాణ్ణి.

ఆ ఇంట్లో చేరిన మొదటి దసరాకి ల్యాబులో ఆయుధపూజ బాధ్యత నాకూ ఎల్లయ్యకీ అప్పగించి, సార్ అమ్మని తీసుకుని మూడు రోజులు గుంటూరు వెళ్లారు. వెళ్తూ బాయిలర్ మాత్రం ఆపొద్దని, పక్కవాటాలో ఉండే ముసలాయనకి వేడినీళ్లు కావాలని చెప్పారు. ఎల్లయ్య నాకంటే పదేళ్లు పెద్ద. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చినవాడు. సామాను కడగడంలో అతనికి హద్దు లేదు. థియోడలైట్లు, బారోమీటర్లు అన్నీ తుడిచి కుంకుమ పెట్టాడు. గ్లోబుకి పెట్టిన బొట్టు ఏటా పడ్డట్టే ఆఫ్రికా మీద పడింది. తర్వాత టైగా పెట్టె ముందు నిలబడ్డాడు. "దీన్ని ఇడిసిపెడ్తమా సారూ? పరాయి దేశపుదైతే ఏంది, మట్టి తల్లి కాదా? అద్దం ఇప్పి లోపల తుడిచి ఒక బొట్టు పెడదాం." వద్దనాల్సింది నేను. అంత భక్తికి అడ్డుపడటానికి మనసొప్పలేదు, పైగా బరువు అతనే మోస్తానన్నాడు. మరలు విప్పి, పెట్టెని మెట్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, కడిగిన అద్దాన్ని ఎండకి పెట్టి, ఎండ బాగుంది కదా అని ఇద్దరం చాయ్ తాగడానికి చౌరస్తాకి వెళ్లాం. మిర్చి బజ్జీలు రెండో వాయి దిగుతుండగా వాన మొదలైంది. హైదరాబాద్ వాన సంగతి తెలిసిందే, ముందు కబురు పంపదు. మేం పరుగెత్తుకుంటూ వచ్చేసరికి సైబీరియా మెట్ల మీదుగా పారుతోంది.

ఎల్లయ్య మెట్ల మీద కూలబడ్డాడు. అద్దం తుడిచే గుడ్డ ఇంకా చేతిలోనే ఉంది. "సెలవులైనంక నా పర్మనెంట్ ఫైలు పైకి పోతది సారూ. సామానంతా నా పేరు మీదనే రాసున్నది. గిప్పుడు గిది తెలిస్తే నన్ను ఉంచుతరా? పిల్లల్ని తీస్కొని మల్ల ఊరికి పోవాల్నా?" అతను ఏడవలేదు. ఏడిస్తే నేనేదో ఓదార్చి వెళ్లిపోయేవాణ్ణేమో. నిజం చెబుదామని ఒక మాట నేను అన్నానో అనుకున్నానో ఇప్పుడు గుర్తులేదు. అనుకున్నాననే నా అనుమానం. పైకి అన్నది మాత్రం, "మట్టే కదా ఎల్లయ్యన్నా, చేద్దాం" అని. చదువుకున్నవాడి అహంకారమంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. ప్రకృతి వేల ఏళ్లు తీసుకునే పనికి మేం మూడు రోజులు తీసుకున్నాం.

తుప్పు రంగు పొరకి మౌలాలి గుట్ట వెనక నుంచి ఎర్ర మొరం సైకిల్ మీద వచ్చింది. నల్లపొరకి హాస్టల్ తోటలో ఆకులు కుళ్లిన ఎరువు. పైన్ సూదులకి క్యాంపస్‌లోని సరుగుడు చెట్ల కింద రాలిన పోచలు. నిజానికి అవి ఆకులు కావు, సన్నటి రెమ్మలు. భూతద్దం పెట్టి చూస్తే ఎవరైనా పట్టేస్తారు. డిపార్ట్‌మెంట్‌లో ఉన్న ఒకే ఒక్క భూతద్దాన్ని నేను అల్మారాలో పెట్టి తాళం వేశాను. నాచు సార్ ఇంటి నల్లా గట్టు మీద నుంచి గీకాను. ఇక ఆ పాలిపోయిన పొర. అంత తెల్లటి, అంత మెత్తటి, అంత దిగులు రంగు మట్టి హైదరాబాద్‌లో నాకు ఎక్కడా కనపడలేదు. మూడు పొద్దులు వరసగా బాయిలర్ కింది బూడిద జల్లెడ పట్టి తీసుకెళ్లాను. అద్దం బిగించి, తడిసి చినిగిన రష్యన్ చీటీ స్థానంలో నా చేత్తో కొత్తది రాసి అతికించాం. ఎల్లయ్య రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. "అసలు దానికంటే మనదే మంచిగున్నది సారూ" అన్నాడు. అది పొగడ్తగా తీసుకున్నాను.

గుంటూరు నుంచి దిగిన సాయంత్రమే అమ్మ పెరట్లోంచి కేకేసింది. "ఏరా నరసింహా, డబ్బాలో చారెడు బూడిద లేదు. ఏం చేశావు?"

"మొక్కలకి వేశానమ్మా."

"ఏ మొక్కలకి?"

"డిపార్ట్‌మెంట్ మొక్కలకి."

వసారాలో సార్ పేపరు చదువుకుంటున్నారు. తల ఎత్తలేదు. మర్నాడు ల్యాబుకి వచ్చి పెట్టె ముందు చాలాసేపు నిలబడ్డారు. "ఎల్లయ్యా, అద్దం బాగా తుడిచావు" అన్నారు. డిసెంబరులో ఎల్లయ్య పర్మనెంట్ అయ్యాడు. నాకు పాలకోవా తెచ్చి ఇచ్చాడు. తినడం కష్టమైంది కానీ తిన్నాను.

మార్చి వచ్చింది. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. సార్ చిటికెడు బూడిద రంగు మట్టి తీసి నీళ్లలో కలుపుతుండగా, చిన్నప్పటి సైన్సు పాఠం ఒకటి కొంచెం ఆలస్యంగా గుర్తొచ్చింది: బూడిద క్షారం. పులుపుకి సరిగ్గా వ్యతిరేకం. నీలం కాగితం ముంచారు. నీలంగానే ఉంది. కిటికీ వెలుగులోకి ఎత్తి చూశారు. నా జీవితంలో అంత నీలం నేను మళ్లీ చూడలేదు. "కాగితం పాతబడ్డట్టుంది. రేపు చేద్దాం" అని క్లాసు ముగించారు. మర్నాడు కొత్త కాగితంతో అదే పెట్టెలోంచి అదే మట్టి తీసి ముంచారు. ఎర్రబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. ఎమ్మెస్సీ ఫస్టుక్లాసులో పాసైన నేను, కాగితం నిజంగానే పాతదని నమ్మాను. నమ్మడం అవసరమైనప్పుడు మనిషికి చదువు పెద్దగా అడ్డం రాదు. ఒక్కటి మాత్రం గమనించాను, దాని అర్థం తెలియకుండానే. ఆ ఏడు నుంచి ఆయన పెట్టె వైపు వేలు చూపించి "ఇది బూడిద కాదు" అనడం మానేశారు. కిటికీ బయటికి, ఉత్తరం వైపు చూస్తూ "టైగాలో ఉన్నది బూడిద కాదు" అనేవారు.

నల్గొండలో ఉద్యోగం వచ్చాక ఏడాదికి రెండు మూడుసార్లు తార్నాక వెళ్లేవాణ్ణి. ప్రతిసారీ బస్సులో మాటలు కూర్చుకునేవాణ్ణి. ఒకసారి గొంతు దాకా వచ్చింది. ఆదివారం, ఆయన స్టూలు మీద, ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంది. "సార్, ఒకటి చెప్పాలి" అన్నాను. ఆయన ఫ్రిజ్‌లోంచి కళ్లు తిప్పకుండా, "చెప్పు, తొందరేం లేదు" అన్నారు. తొందర లేదన్నారు కదా అని నల్గొండలో ఎండల గురించి చెప్పి వచ్చేశాను. అలా ముప్పై ఏళ్లకి పైగా తొందర లేకుండా గడిచింది. ఈ శీతాకాలం ఆయన పోయారు. పాడె దగ్గర కూడా నేను చెప్పలేదు. అక్కడ చెప్పడానికి ధైర్యం అక్కర్లేదని తెలిసే చెప్పలేదేమో.

స్వప్న ఫోన్ తర్వాత అమ్మ దగ్గరికి వెళ్లాను. ఆ ఇల్లు లేదు, ఆ స్థలంలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు ఉంది. నాలుగో అంతస్తులో కూతురు పద్మక్కతో ఉంటుంది. బాయిలర్ ఉన్న చోట ఇప్పుడు ఎవరిదో కారు. వంటింట్లో మనిషెత్తు ఫ్రిజ్, మంచు పట్టని రకం. కరిగించే పనే లేదని పద్మక్క చెప్పింది. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. నేను కింద కూర్చుని, ఒక కాయ తీసుకుని, దాన్ని పాడు చేసి, "అమ్మా, ఒక తప్పు చెప్పాలి" అన్నాను.

"బూడిద సంగతేనా?" అంది.

నేను తేరుకునేలోపు ఇంకో రెండు కాయలు అయిపోయాయి. "మీకు తెలుసా?"

"వారం రోజులు ఇటుకపొడితో తోమించానురా గిన్నెలు. మర్చిపోతానా? క్లాసు అయిన రోజు ఆయనొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి, దసరాకి వీడు ఎన్ని రోజుల బూడిద పట్టుకెళ్లాడు అని అడిగారు. మూడు రోజులదన్నాను. వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నారు. తర్వాత నిన్ను కొట్టుకి పంపారు కదా."

"దేనికి?"

"నిమ్మ ఉప్పుకి. నీళ్లలో కరిగించి పొద్దున్నే వెళ్లి ఆ మట్టికి ఆ పులుపు పట్టించేవారు. మొదటిసారి బుసబుస పొంగిందట. ఏటా అంతే, పాఠం ముందు రోజు."

"అది షర్బత్‌కి కాదా?"

"మా ఇంట్లో షర్బత్ ఎప్పుడు తాగావురా నువ్వు?"

పద్మక్క లోపలి నుంచి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అన్నేళ్లు ఆయన నన్నే పంపి, నా చేతే తెప్పించి, నా తప్పుకి నా చేతే మందు మోయించారు. "మరి నన్నెందుకు అడగలేదమ్మా?" అన్నాను.

"అడిగితే అప్పుడే పర్మనెంట్ అయిన ఎల్లయ్య ఉద్యోగం పోయేది. నువ్వు మొహం చూపించలేక గది ఖాళీ చేసేవాడివి. రేపు బాయిలర్ ఎవరు వెలిగిస్తారు అన్నారు." ఇంకో కాయ ఈనె లాగి అంది: "పిల్లలకి చూపించే మట్టి ఎక్కడిదైనా, అక్కడి గుణం తప్పు చెప్పకూడదని ఆయన పట్టుదల. నువ్వే వచ్చి చెబుతావని మాత్రం చూసేవారురా. నువ్వొచ్చి వెళ్లిన ప్రతిసారీ గేటు వేసి వస్తూ, 'ఇవ్వాళ కూడా కాదు' అనేవారు. కోపంగా కాదులే. వాన పడలేదన్నట్టు."

క్యాంపస్‌కి నడిచే వెళ్లాను. సరుగుడు చెట్లు రెండే మిగిలాయి. పైన మెట్రో పోతోంది. ఆ టైగా పేరు ఇప్పుడు వార్తల్లో వస్తే ఎక్కువగా నిప్పుతో కలిసి వస్తుంది. కింద గడ్డ కట్టి ఉండాల్సిన నేల కరిగి, చెట్లు తాగినవాళ్లలా పక్కకి ఒరిగిపోతున్న ఫొటోలు చూశాను. మా సార్ ఫ్రిజ్ ముందు కూర్చుని నాకు చూపించినదే, కాకపోతే అక్కడ స్విచ్ మళ్లీ వేసేవాళ్లు లేరు. వేల ఏళ్లు కడిగితే తయారయ్యే నేలని మేం మూడు రోజుల్లో తయారు చేశామని ఎల్లయ్యా నేనూ గర్వపడ్డాం. పోగొట్టడానికి పట్టింది రెండు వాయిల బజ్జీల సమయం. మా ఇద్దరికీ ఆ రోజు మరమ్మతు చేసే మనిషి ఒకరు, మా సార్, పైన ఉన్నారు. ఆ సంగతి తెలియకుండానే బతికేశాం.

ల్యాబులో స్వప్న పెట్టెని కిటికీ దగ్గర నిలబెట్టించింది. లిట్మస్ కాగితం అడిగితే వింతగా చూసి తెచ్చి ఇచ్చింది. పక్క రంధ్రంలోంచి చిటికెడు తీసి, నీళ్లలో కలిపి, ముంచాను. చాలా నిదానంగా, అంచు నుంచి లోపలికి, ఎర్రబడింది. ఆయన చివరిసారి పట్టించి ఎన్నేళ్లయిందో. స్వప్న "ఒరిజినలే సార్" అంది. నేను కుర్చీ అడిగి, కూర్చుని, చీటీ రాశాను.

"టైగా అడవి నేల నమూనా. అసలుది వానలో పోయింది, నా అజాగ్రత్త వల్ల. ఇందులో ఉన్నవి: మౌలాలి మొరం, హాస్టల్ తోట ఎరువు, క్యాంపస్ సరుగుడు, తార్నాకలో ఒక ఇంటి నల్లా గట్టు నాచు, అదే ఇంటి బాయిలర్ బూడిద. తయారు చేసినవారు: ఎల్లయ్య, నరసింహ. దిద్దినవారు: సుందరరామయ్య."

స్వప్న రెండుసార్లు చదివింది. సైబీరియా గురించి ఏమీ అడగలేదు, అందుకు ఆమెకి రుణపడి ఉంటాను. చీటీ చివర వేలు పెట్టి, "కింద తేదీ వెయ్యలేదు సార్" అంది. చీటీ మళ్లీ తీసుకుని, "ఇవ్వాళ" అని రాశాను.